ఏడాది ప్లాన్ మధ్యలో ఆపేస్తే పడే ఫీజు: లెక్క కట్టడం, తగ్గించుకోవడం

సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ ఆపేద్దామని క్యాన్సిల్ నొక్కగానే "మీరు ఇంత కట్టాలి" అంటూ ఓ అంకె ఎదురైందంటే, చాలాసార్లు కారణం ఒకటే. మీరు తీసుకున్నది నెలవారీ ప్లాన్ కాదు, వాయిదాల్లో కడుతున్న ఏడాది ప్లాన్.

కొనేటప్పుడు సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. అచ్చంగా నెలవారీది ఒకటి: ధర ఎక్కువ, ఏ నెలకా నెల ఆపేయొచ్చు, ఫీజు ఉండదు. ఏడాది డబ్బు ముందే ఒకేసారి కట్టేది ఇంకొకటి: ఇందులోనూ ఫీజు ఉండదు, కాకపోతే రిఫండ్ గడువు దాటాక కట్టింది తిరిగి రాదు, ఏడాది చివరిదాకా వాడుకోవచ్చు. ఈ రెండింటి మధ్య "ఇయర్లీ, బిల్డ్ మంత్లీ" (ఏడాది ఒప్పందం, నెలనెలా బిల్లు) అని ఉంటుంది. చిక్కంతా దీనితోనే. ధర నెలకు ఇంత అని పెద్ద అక్షరాల్లో చూపిస్తారు, 12 నెలల ఒప్పందం అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా చోట్ల ముందే టిక్ పెట్టి ఉంచేదీ ఇదే.

మీది ఏ రకమో కార్డు స్టేట్‌మెంట్ చూస్తే తెలియదు. నెలవారీ అయినా, వాయిదాల ఏడాది అయినా నెలకోసారే డబ్బు పోతుంది. కొన్నప్పుడు వచ్చిన కన్ఫర్మేషన్ మెయిల్ తీసి "యాన్యువల్", "కమిట్‌మెంట్", "టర్మ్" అన్న మాటల కోసం వెతకండి. అంతకన్నా సులువైన గుర్తు అకౌంట్‌లో ప్లాన్ పేజీలో దొరుకుతుంది. అక్కడ "నెక్స్ట్ బిల్లింగ్ డేట్" ఒకటి, "రెన్యూవల్ డేట్" మరొకటి ఉండి, రెండింటికీ మధ్య నెలలకొద్దీ తేడా ఉంటే మీది వాయిదాల ఏడాది ప్లానే.

లెక్క

అందరికీ తెలిసిన ఉదాహరణ ఫొటోషాప్ తయారుచేసే అడోబీ. వాయిదాల ఏడాది ప్లాన్ కొన్న 14 రోజుల్లోపు రద్దు చేస్తే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ తర్వాతైతే మిగిలిన నెలల మొత్తంలో 50 శాతం ఫీజు, అది కూడా ఒకేసారి. నెలకు 1,000 చొప్పున 5 నెలలు కట్టి ఆపేశారనుకుందాం. ఇంకా 7 నెలలు, అంటే 7,000 మిగిలాయి. ఫీజు 3,500. ట్యాక్స్ ఉంటే దానిమీద అదనం.

అన్ని కంపెనీలూ ఇదే పద్ధతి పాటించవు. కొందరు మిగిలిన మొత్తమంతా వసూలు చేస్తారు. కొందరు ఒకే స్థిరమైన ఫీజు పెడతారు. ఇంకొందరు ఇచ్చిన డిస్కౌంట్‌ను వెనక్కి తీసుకుంటారు: నెలవారీ ధరకూ మీరు కట్టిన ధరకూ ఉన్న తేడాను వాడిన నెలలతో గుణిస్తారు. ఈ చివరి పద్ధతిని గమనించకపోతే దెబ్బ తింటారు. మొదటి పద్ధతిలో నెలలు గడిచేకొద్దీ ఫీజు తగ్గుతుంది, ఇందులో పెరుగుతుంది. కాబట్టి షరతుల పేజీలో "ఎర్లీ టెర్మినేషన్", "క్యాన్సిలేషన్ ఫీ" అని వెతికి, మీ కంపెనీది ఏ సూత్రమో ముందు తేల్చుకోండి.

సగం ఫీజు ఉన్నంత మాత్రాన ఏడాది ప్లాన్ నష్టమని కాదు. నెలవారీ ధర 1,500, వాయిదాల ఏడాది ప్లాన్ ధర నెలకు 1,000 అనుకోండి. 5 నెలలు వాడితే నెలవారీలో 7,500 అవుతుంది, ఏడాది ప్లాన్‌లో ఫీజుతో కలిపి 8,500. 6 నెలల దగ్గర రెండూ 9,000తో సమానం. 8 నెలలకు నెలవారీలో 12,000, ఏడాది ప్లాన్‌లో ఫీజుతో సహా 10,000. అంటే 6 నెలలు దాటి వాడే ఉద్దేశం ఉంటే ఏడాది ప్లాన్ తీసుకుని, మధ్యలో ఆపాల్సి వస్తే ఫీజు కట్టేయడమే చవక. ధరల తేడాను బట్టి ఈ హద్దు మారుతుంది. నెలవారీ ధర ఏడాది ప్లాన్ ధరకు ఎన్ని రెట్లో చూసి, అందులోంచి 0.5 తీసేసి, వచ్చినదానితో 6ను భాగించండి. రెట్టింపు ధర అయితే 4 నెలలు, 1.25 రెట్లయితే 8 నెలలు.

ఏ రోజు రద్దు చేయాలన్నదీ ఈ లెక్కలోనే ఉంది. సగం ఫీజు పద్ధతిలో ఇంకో నెల ఆగితే ఆ నెల బిల్లు పూర్తిగా పడుతుంది, ఫీజు మాత్రం సగం నెల మేరకే తగ్గుతుంది. నిజంగా వాడుకునే పని ఉంటే ఆ నెల మీకు సగం ధరకే వచ్చినట్టు. పని లేకపోతే ఆగినకొద్దీ నష్టం. అలాంటప్పుడు తర్వాతి బిల్లుకు రెండు మూడు రోజుల ముందే పని ముగించండి. ఆఖరి రోజుదాకా సాగదీస్తే మీ తేదీకీ కంపెనీ సర్వర్ తేదీకీ ఉన్న తేడాతో ఓ బిల్లు అదనంగా పడిపోవచ్చు.

రద్దు చేసేటప్పుడు

ముందు ఫైళ్లు దించుకోండి. క్లౌడ్‌లో ఉన్నవన్నీ సొంత డిస్క్‌లోకి తెచ్చుకోవడంతో సరిపోదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోని ఫార్మాట్‌లు ఉంటే పీడీఎఫ్, సీఎస్‌వీ లాంటి మామూలు రూపాల్లోనూ ఎక్స్‌పోర్ట్ చేయాలి. లైసెన్స్ పోయాక ఈ పని కుదరదు.

తర్వాత ఫోన్ యాప్‌లో కాకుండా కంప్యూటర్ బ్రౌజర్‌లో, కొన్న మెయిల్ ఐడీతోనే లాగిన్ అయి ప్లాన్ పేజీకి వెళ్లండి. క్యాన్సిల్ నొక్కడంతో రద్దు కాదు. పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతారు, కారణం చెప్పమంటారు, ఆ తర్వాత ఓ ఆఫర్ ముందుకొస్తుంది: రెండు నెలలు ఉచితమనో, ధర తగ్గిస్తామనో. ఫీజు అంకె వచ్చేది చాలాసార్లు దాని తర్వాతే. ఈ తెర దాకా వెళ్లి చూసి వెనక్కి వచ్చేయొచ్చు. చివరి బటన్ నొక్కనంత వరకూ ఏమీ మారదు కాబట్టి, నిర్ణయం తీసుకోకముందే ఓసారి ఇక్కడిదాకా వెళ్లి అంకె రాసుకోండి. ఆఫర్ ఒప్పుకోదలిస్తే దాని కింద చిన్న అక్షరాల్లో కొత్తగా 12 నెలల గడువు మొదలవుతుందా అని చూడండి. మొదలయ్యేట్టయితే ఆ ఉచితం ఉచితం కాదు.

చివరి తెర తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. కన్ఫర్మేషన్ మెయిల్ రాకపోతే రద్దు కాలేదనే అనుకుని మళ్లీ అకౌంట్ చూసుకోండి. ఆపిల్, గూగుల్ స్టోర్ల ద్వారా కొన్నవైతే ఆ స్టోర్ సబ్‌స్క్రిప్షన్ల పేజీలోనే ఆపాలి. యాప్ డిలీట్ చేస్తే బిల్లింగ్ ఆగదు.

ఫీజు తగ్గించుకునే దారులు

రిఫండ్ గడువులో ఉన్నారేమో ముందు చూసుకోవాలి. అది దాటితే తర్వాతి దారి సపోర్ట్ చాట్. ఫీజు మాఫీ చేసే వెసులుబాటు చాట్‌లో ఉన్నవాళ్లకు తరచూ ఉంటుంది, కానీ అడగనిదే ఇవ్వరు. కోపంగా పేజీలకు పేజీలు రాయక్కర్లేదు. ఈ మాత్రం చాలు: "ఫలానా తేదీన కొన్నాను. కొనేటప్పుడు ఇది 12 నెలల ఒప్పందమని స్పష్టంగా కనిపించలేదు. గత రెండు నెలలుగా వాడలేదు. ఫీజు లేకుండా రద్దు చేయండి, కుదరకపోతే ఏ షరతు కింద కుదరదో రాసి పంపండి." ఇందులో నిజమైనవి మాత్రమే ఉంచండి. వాడారో లేదో వాళ్లకు కనిపిస్తుంది. చాట్ ముగిసేలోపు ట్రాన్‌స్క్రిప్ట్ (మాట్లాడుకున్నదంతా ఉన్న కాపీ) దాచుకోండి.

ప్లాన్ మార్చడం ఇంకో దారి. కొన్ని కంపెనీల్లో వేరే ప్లాన్‌కు మారితే అది కొత్త కొనుగోలు కింద లెక్కకొచ్చి రిఫండ్ గడువు మళ్లీ మొదలవుతుంది. షరతుల్లో "మొదటి ఆర్డర్" నుంచి అని ఉంటే మాత్రం ఇది పనిచేయకపోవచ్చు, పైగా కొత్త ఏడాది మెడకు చుట్టుకుంటుంది. రాతపూర్వకంగా చూడకుండా దిగవద్దు. కంపెనీయే మధ్యలో ధర పెంచినా, ముఖ్యమైన ఫీచర్ తీసేసినా ఫీజు లేకుండా బయటపడే వీలు షరతుల్లో ఉందేమో చూడండి.

కార్డు బ్లాక్ చేయడం మాత్రం దారి కాదు. బాకీ అలాగే ఉంటుంది, అకౌంట్ లాక్ అవుతుంది, లోపలి ఫైళ్లు పోవచ్చు. కార్డు మార్చినా వీసా, మాస్టర్‌కార్డ్‌ల అప్‌డేటర్ సేవల ద్వారా కొత్త నంబరు వ్యాపారికి చేరే వీలుంది.

చట్టం పరంగా, అమెరికాలో 2010 నాటి రోస్కా చట్టం ఆన్‌లైన్‌లో దానంతటదే కొనసాగే బిల్లింగ్ షరతులు ముందే స్పష్టంగా చెప్పాలనీ, ఆపడం సులువుగా ఉండాలనీ అంటుంది. దాని ఆధారంగానే ఫీజును దాచారంటూ 2024 జూన్‌లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ అడోబీ మీద కేసు పెట్టింది. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు 14 రోజుల ఉపసంహరణ హక్కు ఉంది. అయితే డిజిటల్ కంటెంట్ వెంటనే కావాలంటూ ఆ హక్కు వదులుకునే టిక్ పెడితే పోవచ్చు.

ఆఫీసు కొనుగోళ్లు వేరే సంగతి. వినియోగదారుల చట్టాల రక్షణ కంపెనీలకు చాలా చోట్ల వర్తించదు, ఒప్పందంలో ఏముంటే అదే. చాలావాటిలో మధ్యలో ఆపే హక్కే ఉండదు. సీట్లు, అంటే ఎంతమంది వాడొచ్చో ఆ లైసెన్స్‌ల సంఖ్య, తగ్గించడం రెన్యూవల్ అప్పుడే కుదురుతుంది. రెన్యూవల్ వద్దనుకుంటే 30, 60 లేదా 90 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేకపోతే మరో ఏడాది దానంతటదే మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ వ్యాపార సబ్‌స్క్రిప్షన్ల కొత్త విధానంలో కొన్నాక, లేదా రెన్యూ అయ్యాక రద్దుకు 7 రోజులే గడువు. నోటీసు తేదీని సంతకం పెట్టిన రోజే ఇద్దరి క్యాలెండర్లలో రాయించండి. ఒక్కరే చూసుకుంటూ ఉంటే వాళ్లు ఉద్యోగం మారగానే తేదీ జారిపోతుంది.

రద్దు చేశాక రెండు బిల్లింగ్ తేదీలు గడిచేదాకా స్టేట్‌మెంట్ చూస్తూ ఉండండి. మళ్లీ డబ్బు పోతే ముందు కంపెనీకి కన్ఫర్మేషన్ మెయిల్ పంపండి, తేలకపోతే అదే మెయిల్‌తో బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ వసూలు మీద అభ్యంతరం) వేయండి. రద్దు తర్వాత పడిన బిల్లు మీద ఇది గట్టి కేసు. ఒప్పుకున్న ఫీజు ఎగ్గొట్టడానికి వేస్తే కంపెనీ మీ అంగీకారం రికార్డు చూపించి గెలిచే అవకాశమే ఎక్కువ.