ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్: ఫోన్ రికార్డర్ పెట్టుకుని ఇంట్లోనే సాధన

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లడానికి రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్కోరును 9 వరకు బ్యాండ్‌లలో ఇస్తారు. రీడింగ్, లిజనింగ్‌లలో 8 తెచ్చుకున్నవాళ్లు కూడా స్పీకింగ్‌కి వచ్చేసరికి 6 దగ్గర ఆగిపోవడం మన దగ్గర మామూలే. చాలాసార్లు కారణం బట్టీ. కంఠతా పట్టిన జవాబు అప్పజెబుతుంటే గొంతు తీరే మారిపోతుంది. ఎగ్జామినర్ దాన్ని ఇట్టే పట్టేస్తారు, అక్కడ ఆపి ఇంకో ప్రశ్నకు వెళ్లిపోతారు. అందుకే జవాబుల పుస్తకాలు పక్కన పెట్టి, ఫోన్‌లో రికార్డర్ తెరవండి.

స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగంలో ఊరు, చదువు, ఉద్యోగం, అలవాట్ల మీద 4, 5 నిమిషాలు చిన్న ప్రశ్నలు. రెండో భాగంలో మాట్లాడాల్సిన విషయం రాసిన ఒక కార్డు ఇస్తారు. నిమిషం ఆలోచించుకుని, ఒకటి నుంచి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. మూడో భాగం 4, 5 నిమిషాల చర్చ, అదే విషయం మీద. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ సమానంగా 25 శాతం చొప్పున వెయిటేజీ. వాటిలో 7, 6, 6, 7 వస్తే స్పీకింగ్ బ్యాండ్ 6.5. మీ అభిప్రాయం సరైనదా, చెప్పిన సంగతి నిజంగా జరిగిందా అన్నదానికి మార్కులు లేవు.

సాధన ఇలా చేయండి. రోజుకో కార్డు తీసుకుని రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. తర్వాత అది వింటూ మీరు అన్నది అన్నట్టే కాగితం మీద రాయండి. 'ఆఁ', 'అంటే' అని సాగదీసినవి కూడా వదలొద్దు. ఈ పని విసుగు, అరగంట పడుతుంది. కానీ మాట్లాడేటప్పుడు మనకు వినపడని తప్పులు కాగితం మీదకు వస్తేనే కనపడతాయి. ఎర్ర పెన్నుతో దిద్ది, అదే కార్డు మీద మళ్లీ మాట్లాడండి. దిద్దిన కాగితం చూసి చదవొద్దు. కొత్త కార్డులు పది చేయడం కంటే, ఒక్కటి ఇలా మూడుసార్లు చేయడం మేలు.

ఎర్ర గీతలు ఎక్కువగా ఎక్కడ పడతాయో ముందే చెప్పొచ్చు. 'అయిదేళ్ల నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నాను' అన్న మాటను మనసులో మాటకు మాట మార్చేసి 'ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అంటాం. అనాల్సింది 'ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ హైదరాబాద్ ఫర్ ఫైవ్ ఇయర్స్'. 'ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్' కాదు, 'ఐ హ్యావ్'. తెలుగులో 'ఎ', 'ది' లాంటివి లేవు కాబట్టి 'ఐ వెంట్ టు మార్కెట్' అనేస్తాం, మధ్యలో 'ది' జారిపోతుంది. వేగంలో అమ్మ గురించి చెబుతూ 'హీ' అనేయడం ఇంకొకటి.

ఉచ్చారణ విషయంలో యాస మార్చుకోనక్కర్లేదు, దానికి మార్కులు తగ్గించరు. మాట స్పష్టంగా అర్థమవ్వాలి, అంతే. మన నోటికి అలవాటైన నాలుగైదు చోట్ల మాత్రం శ్రద్ధ పెట్టాలి. తెలుగు మాట అచ్చుతో ముగియడం మనకు అలవాటు, అందుకే 'బస్' అన్నది 'బస్సు', 'కప్' అన్నది 'కప్పు' అయిపోతుంది. 'ఎగ్' ముందు యకారం, 'ఓన్లీ' ముందు వకారం తగులుతాయి. 'జూ', 'జీరో'లలో ఉన్నది మన జకారం కాదు. గొంతు మీద వేలు ఆనించి 'స్‌స్‌స్' అంటూ, నాలుక కదపకుండా గొంతు మోగించండి. వేలికి అదురు తగిలిందా, అదే ఆ శబ్దం. 'వాక్' భూతకాలంలో 'వాకెడ్' కాదు, 'వాక్ట్'. మూలపదం ట, డ శబ్దంతో ముగిస్తేనే 'వాంటెడ్'లా 'ఎడ్' విడిగా పలుకుతుంది. ఊనిక, అంటే ఏ అక్షరాన్ని నొక్కి పలకాలన్నది కూడా చూసుకోండి: 'ఫోటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీద, 'ఫొటాగ్రఫీ'లో రెండో దాని మీద.

ఇక కార్డు. ఎక్కువమంది 50 సెకన్లకే ఆగిపోయేది ఇక్కడే. కార్డు మీద ఇచ్చిన మూడు నాలుగు పాయింట్లకు తలా ఒక వాక్యం చెప్పేసరికి సరుకు అయిపోతుంది. ఉదాహరణకు 'మీరు ఎవరికైనా ఏదైనా నేర్పిన సందర్భం' అని వచ్చిందనుకోండి. ఆ నిమిషంలో వాక్యాలు రాయొద్దు, ఆరు మాటలు చాలు: అమ్మమ్మ, వీడియో కాల్, సంక్రాంతి, గట్టిగా నొక్కడం, పచ్చ బటన్, ఇప్పుడు రోజూ. ఎవరు, ఎప్పుడు అన్నవి 30 సెకన్లలో ముగించి, అసలు సమయం 'గట్టిగా నొక్కడం' మీద పెట్టండి. కాలింగ్ బెల్ నొక్కినట్టు ఆవిడ స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టడం, బొమ్మలన్నీ వణకడం, కాల్ మాత్రం కలవకపోవడం. కళ్ల ముందు కనపడే ఇలాంటి సంగతి దొరికితే 40 సెకన్లు వాటంతటవే నడుస్తాయి. పైగా కాలాలు సహజంగా మారతాయి: అంతకుముందు ఆవిడ ఎప్పుడూ వాడలేదు అనడానికి 'షీ హ్యాడ్ నెవర్ యూజ్డ్', ఇప్పటి అలవాటుకు 'షీ కాల్స్ మీ ఎవ్రీ డే'. వ్యాకరణం మార్కులు ఇలాంటి మార్పుల్లోనే ఉన్నాయి.

మూడో భాగంలో సొంత కథ మానేసి సమాజం గురించి మాట్లాడాలి. 'పెద్దవాళ్లు టెక్నాలజీ నేర్చుకోవడం ఎందుకు కష్టం?' అంటే మళ్లీ అమ్మమ్మ దగ్గరికే వెళ్లొద్దు. ఒక అభిప్రాయం, దానికి కారణం, ఒక ఉదాహరణ, వీలైతే ఎదుటి వాదన, మొత్తం నాలుగైదు వాక్యాలు. ఆలోచించడానికి రెండు సెకన్లు మౌనంగా ఉన్నా నష్టం లేదు. ప్రతి జవాబూ 'దట్స్ ఎ వెరీ గుడ్ క్వశ్చన్' అని మొదలెట్టడం మాత్రం మానండి, అదీ బట్టీలాగే వినిపిస్తుంది. మొదటి భాగానికి ఒక్కో ప్రశ్నకు రెండు మూడు వాక్యాలు సరిపోతాయి.

స్పీకింగ్ తేదీ మిగతా పరీక్షల రోజున కాక వేరే రోజున పడొచ్చు, బుకింగ్ వివరాలు చూసుకోండి. బుకింగ్‌లో ఇచ్చిన పాస్‌పోర్టు వెంట ఉండాలి. ప్రశ్న వినపడకపోతే 'కుడ్ యూ రిపీట్ దట్, ప్లీజ్?' అని అడగండి, దానికి మార్కులు పోవు. రెండు నిమిషాలు నిండగానే ఎగ్జామినర్ వాక్యం మధ్యలోనే ఆపేస్తారు. టైమ్ అయిందని తప్ప దానికి వేరే అర్థం లేదు. అక్కడే ఆగి, తర్వాతి ప్రశ్న వినండి.