పైకప్పు సోలార్ రాయితీ దరఖాస్తు: ముందు కరెంటు బిల్లు మీది పేరు చూసుకోండి

పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించుకున్నవారికి కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు, మొత్తం 78,000 రూపాయల వరకు రాయితీ ఇస్తుంది. అంతకన్నా పెద్ద ప్లాంటు పెట్టుకున్నా రాయితీ పెరగదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకానికి జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవడానికి రుసుమేమీ లేదు కాబట్టి, ఫైలు కదలాలంటే ఇంత అవుతుందని ఎవరైనా అడిగితే ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పనక్కరలేదు.

పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం (మీకు కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థ) ఎంచుకుని, బిల్లు మీది సర్వీసు నంబరు, మొబైల్ నంబరు ఇచ్చి నమోదు కావాలి. ఆ తర్వాత దరఖాస్తు నింపి, అదే పోర్టల్‌లోని జాబితా నుంచి వెండరును, అంటే ప్లాంటు బిగించే సంస్థను, ఎంచుకోవడం పెద్ద పనేమీ కాదు.

ఎక్కువమంది ఆగిపోయేది పేరు దగ్గర. ఇల్లు కొడుకు చేతికి వచ్చి ఏళ్లు గడిచినా, బిల్లు మాత్రం కాలం చేసిన తండ్రి పేరుతోనే వస్తూ ఉంటుంది; నెలనెలా డబ్బు కడుతున్నంత కాలం దాని గురించి ఎవరూ పట్టించుకోరు. రాయితీ మాత్రం కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారికే వస్తుంది కనుక, బిల్లులోని పేరు, దరఖాస్తుదారు పేరు, బ్యాంకు ఖాతాలోని పేరు ఒకటే కావాలి. ముందు పని కానిద్దాం, పేరు సంగతి తర్వాత చూసుకుందాం అని తొందరపెట్టే వెండర్లు ఉంటారు, కానీ ఆ తేడా బయటపడేది ఫలకాలు బిగించి, డబ్బంతా చెల్లించేసిన తర్వాత, రాయితీ కోరే దశలో.

అందువల్ల పేరు మార్పిడి మొదట చేయించుకోవడమే క్షేమం. పాత బకాయిలు కట్టేసి, డిస్కంకు పేరు మార్పిడి దరఖాస్తు పెట్టుకోవాలి. కొన్న ఇంటికైతే రిజిస్టర్డ్ దస్తావేజు నకలు, వారసత్వంగా వచ్చిన ఇంటికైతే మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం సాధారణంగా అడుగుతారు. వీటిలో ఆలస్యమయ్యేది ఆ అంగీకార పత్రమే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు ఊళ్లలో ఉంటే సంతకాలు ముందే తీసుకోవడం మంచిది. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించుకోండి. ఇందులో భయపడవలసిందేమీ లేదు, కొంత ఓపిక కావాలంతే.

వెండరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు, కరెంటు పుట్టించే లోపలి సెల్‌తో సహా దేశంలోనే తయారైన డీసీఆర్ ఫలకాలే పెడతామని అందులో రాయించుకోవాలి. దిగుమతి ఫలకాలు చవకగా వస్తాయని కొందరు ఆశపెడతారు, కానీ వాటికి రాయితీ రాదు.

ప్లాంటు బిగించాక వివరాలు పోర్టల్‌లో ఎక్కించి ఇంటికి వచ్చే కరెంటునూ, బయటికి పంపే కరెంటునూ లెక్కించే నెట్ మీటరుకు దరఖాస్తు చేయాలి. డిస్కం సిబ్బంది తనిఖీ చేసి ప్లాంటు పని మొదలుపెట్టిందని తెలిపే కమిషనింగ్ నివేదిక ఇచ్చిన తర్వాత బ్యాంకు వివరాలతో పాటు రద్దు చేసిన చెక్కును అప్‌లోడ్ చేయాలి. ఫొటోలో చెక్కు మీద ముద్రించిన పేరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ స్పష్టంగా కనిపించాలి. రాయితీ నేరుగా ఆ ఖాతాలోనే పడుతుంది కనుక, దాన్ని ఇప్పిస్తామంటూ ఓటీపీ అడిగేవారికి చెప్పకండి.