పాయింట్ 32 కొనాలా, పాయింట్ 22 కొనాలా: చేతి తుపాకీ బోరు ఎంపిక

ఆదివారం ఉదయం గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజికి కొత్తగా వచ్చేవారిలో, లైసెన్స్ మంజూరై ఇంకా ఆయుధం కొననివారు ఒకరిద్దరైనా ఉంటారు. వారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ బోరు (అంటే గొట్టం లోపలి వెడల్పు) ఎక్కువ శక్తిమంతమైనది? దానికి సమాధానం చెప్పేముందు నేను వారిని ఒక మాట అడుగుతాను: నెలకు ఎన్ని రౌండ్లు కాల్చగలరు? వెంట ఉంచుకోవడానికి ఏది, సాధనకు ఏది అన్న ఎంపిక ఈ రెండో ప్రశ్న మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా గట్టి నమ్మకం.

ముందుగా చట్టం ఎంత చోటు ఇచ్చిందో చూడాలి. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం మన దేశంలో తుపాకులను నిషిద్ధ బోరు, అనిషిద్ధ బోరు అని విడదీస్తారు. దుకాణాల్లో వీటినే పీబీ, ఎన్‌పీబీ అంటారు. సైన్యం, పోలీసులు వాడే తూటాలు పేలే ఆయుధాలు సాధారణ పౌరుల చేతికి వెళ్లకూడదన్నది ఈ విభజన వెనుక ఉన్న ఆలోచన. అందువల్ల సినిమాల్లో అందరూ చూసే 9 ఎం.ఎం., పాత పోలీసు రివాల్వర్ల పాయింట్ 38, ఇంకా పాతదైన పాయింట్ 455 నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. వాటికి కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి కావాలి, కమిషనరేటులో దరఖాస్తు పెట్టుకున్న మామూలు లైసెన్సుదారు వాటి గురించి ఆలోచించనవసరం లేదు. 1980ల మధ్య నుంచి వ్యక్తులు విదేశీ తుపాకులను దిగుమతి చేసుకోవడం దాదాపు ఆగిపోయింది కాబట్టి, ఇక్కడ తయారై తూటాలు కూడా దొరికే చేతి తుపాకులంటే ఆచరణలో మిగిలేవి రెండే: పాయింట్ 32, పాయింట్ 22 (ఈ అంకెలు అంగుళాల్లో). పాయింట్ 32లో మళ్లీ రెండు రకాల తూటాలున్నాయి. కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే కాబట్టి దీని మీద కొంచెం నిలిచి మాట్లాడతాను.

తిరిగే సిలిండర్ గదుల్లో తూటాలు ఉండే రివాల్వర్లలో వాడేది 1896లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. దీని అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది, కేసు (తూటా లోహపు గొట్టం) పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు. పిడిలోని మ్యాగజైన్ నుంచి తూటాలు ఎక్కే పిస్టళ్లలో వాడేది 1899లో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్); ఇది పొట్టిది, కేసు 17 మిల్లీమీటర్ల పైచిలుకు. గుండు వ్యాసం రెండింటిలోనూ దాదాపు 8 మిల్లీమీటర్లే కావడంతో, బిల్లు మీద "పాయింట్ 32" అని మాత్రమే రాసి ఉంటే ఏ తూటా అన్నది తెలియదు. ఇంకా ప్రమాదకరమైన విషయం, ఏసీపీ తూటా కొన్ని రివాల్వర్ల సిలిండర్‌లో నిలుస్తుంది, పేలుతుంది కూడా. రివాల్వర్ తూటా పీడనపు పరిమితి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు కాగా ఏసీపీది 20,500 పౌండ్లు. పాత రివాల్వర్ ఈ తేడాను ఎంతకాలం ఓర్చుకుంటుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి "పట్టింది కదా" అని ఎవరైనా చేతిలో పెట్టినా వాడకండి. పెట్టె మీద ఉన్న పూర్తి పేరు, తుపాకీ గొట్టం మీద చెక్కిన పేరు అక్షరం అక్షరం కలవాలి.

ఇక శక్తి సంగతి. రివాల్వర్ తూటాలో సుమారు ఆరుంపావు గ్రాముల గుండు సెకనుకు 215 నుంచి 235 మీటర్ల వేగంతో వెళ్తుంది; శక్తి దాదాపు 150 నుంచి 175 జౌళ్లు. ఏసీపీ గుండు నాలుగున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, వేగం 275 మీటర్ల దగ్గర, శక్తి సుమారు 175 జౌళ్లు. పిస్టల్ నుంచి కాల్చిన పాయింట్ 22 లాంగ్ రైఫిల్ గుండు రెండున్నర గ్రాములు, దానికి 120 జౌళ్ల ప్రాంతంలో శక్తి ఉంటుంది. పోల్చి చూడటానికి మాత్రమే చెబుతున్నాను, 9 ఎం.ఎం. తూటాకు 480 జౌళ్ల దాకా ఉంటుంది. పాయింట్ 32కూ దానికీ గుండు వెడల్పులో తేడా ఒక్క మిల్లీమీటరు, శక్తిలో తేడా దాదాపు మూడు రెట్లు. దీనిబట్టి పేరులోని అంకె గొట్టం వెడల్పును మాత్రమే చెబుతుందని, అసలు బలం గుండు బరువులోనూ వేగంలోనూ ఉంటుందని గ్రహించవచ్చు. మనకు దొరికే బోర్లలో ఏదీ ఒక్క దెబ్బతో దేన్నైనా ఆపే ఆయుధం కాదు. గుండు ఎక్కడ తగిలిందన్నదే తేలుస్తుంది, అది ఎక్కడ తగులుతుందన్నది సాధన తేలుస్తుంది.

పాయింట్ 22 గురించి చాలామందికి చిన్నచూపు ఉంది, అది అన్యాయం. ఒలింపిక్స్‌లో మహిళల 25 మీటర్ల పిస్టల్, పురుషుల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలు ఈ తూటాతోనే జరుగుతాయి. మన నగరపు ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచింది ఈ బోరుతోనే. ఇది చేతిని వెనక్కి తన్నడం దాదాపు ఉండదు, తూటా చవక, శబ్దం తక్కువ. ఒక ఉదయం యాభై రౌండ్లు కాల్చినా మణికట్టు అలసిపోదు. నేర్చుకునే చేతికి ఇంతకంటే మంచి గురువు లేదు. అయితే ఆత్మరక్షణకు దాన్నే ఎంచుకోవడానికి నేను వెనుకాడేది శక్తి తక్కువని కాదు. ఈ తూటాలో ప్రైమర్, అంటే తూటాను రాజేసే మందు, మధ్యలో కాకుండా అడుగు అంచు చుట్టూ ఉంటుంది; అంచులో మందు సరిగా పరుచుకోని చోట సుత్తి పడితే తూటా పేలదు. రేంజిలో అలా జరిగితే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగి తీసేస్తాం, అవసరం వేళ ఆ అర నిమిషం ఉండదు. చేయి బలహీనంగా ఉన్నవారికీ, కీళ్లనొప్పులున్న పెద్దవారికీ మాత్రం ఇదే సరైన ఎంపిక కావచ్చు. అలాంటివారు పాయింట్ 22లో రివాల్వరే తీసుకోవాలి. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతిది ముందుకొస్తుంది.

పాయింట్ 32లో రివాల్వరా, పిస్టలా? మొదటి ఆయుధం కొనేవారికి నా ఓటు రివాల్వర్‌కే. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల పాత నమూనా మధ్యలో విరిచి తెరిచే ఆరు తూటాల రివాల్వర్, బరువు 700 గ్రాముల ప్రాంతం. 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ దాదాపు 500 గ్రాములే, చేతిసంచిలో పట్టేలా చేసినది. 2023లో అక్కడి నుంచే వచ్చిన ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది: తేలికైన తుపాకీ మోయడానికి సుఖం, కాల్చడానికి కష్టం. అదే తూటా 700 గ్రాముల రివాల్వర్‌లో మెల్లగా తోసినట్టుంటే 500 గ్రాముల దానిలో అరచేతికి గట్టిగానే తగులుతుంది. దుకాణంలో చేతిలో పట్టుకుని చూస్తే ఈ తేడా తెలియదు. పరిచయస్తులెవరి దగ్గరైనా ఆ నమూనా ఉంటే, రేంజిలో వారి సమక్షంలో, రేంజి నిబంధనలకు లోబడి కాల్చి చూసిన తర్వాతే డబ్బు కట్టండి.

పిస్టల్ పలచగా ఉంటుంది, చొక్కా కింద కనిపించదు, ట్రిగ్గర్ తేలిక. అయితే ఏసీపీ తూటా అంచు కొద్దిగా బయటికి ఉంటుంది కాబట్టి మ్యాగజైన్ నింపేటప్పుడు ప్రతి పై తూటా అంచు కింది దాని అంచుకు ముందుండేలా చూడాలి. లేకపోతే రెండూ ఒకదానికొకటి కొక్కెంలా తగులుకుని పిస్టల్ నిలిచిపోతుంది. పాత విదేశీ పిస్టళ్ల మీద మన నగరంలో మోజు ఎక్కువ, ధర లక్షల్లో పలుకుతుంది. మలక్‌పేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన అలాంటిదే ముచ్చటపడి కొన్నారు. ఏడాది తిరక్కుండానే మ్యాగజైన్ పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) వంగి తూటా ఎక్కడం మానేసింది, సరిపోయే మ్యాగజైన్ ఎక్కడా దొరకలేదు. ఆ పిస్టల్ ఇప్పుడు బీరువాలో ఉంది, ఆయన మళ్లీ రివాల్వర్ కొనుక్కున్నారు. ఆయన నష్టపోయినది డబ్బు ఒక్కటే కాదు, సాధన చేయాల్సిన రెండేళ్ల కాలం కూడా. విడిభాగాలు దొరకని ఆయుధాన్ని, దాని మీద ఎంత గొప్ప పేరు చెక్కి ఉన్నా, ఎవరికీ సలహా ఇవ్వను.

సాధన ఎలా చేయాలన్నది ఇప్పుడు సులభంగా తేలుతుంది. లైసెన్స్ మీద ఏడాదికి, ఒకసారికి ఇన్ని తూటాలే అని రాసి ఉంటుంది. అన్నీ పాయింట్ 32తోనే కాల్చేస్తే అవసరానికి మిగలవు. అందుకే పునాది అంతా వేరే చోట వేయాలి. గాలి పిస్టల్ బోరు పాయింట్ 177 దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే దానికి లైసెన్స్ అక్కర్లేదు. గుర్తింపు పత్రం చూపి కొనుక్కోవచ్చు. పది మీటర్ల దూరంలో పెట్టే పోటీ లక్ష్యం మీద నడిమధ్యనున్న పదో వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. దాన్ని కొట్టడానికి ప్రయత్నిస్తూ ఆరు నెలలు గడిపినవారికి ట్రిగ్గర్ నొక్కడం ఎంత సున్నితమైన పనో తెలుస్తుంది. ఆ తర్వాత రైఫిల్ సంఘం సభ్యత్వం తీసుకుని, శిక్షకుని పర్యవేక్షణలో పాయింట్ 22తో కాల్చాలి. మీ సొంత పాయింట్ 32తో నెలకు పది పన్నెండు రౌండ్లు, అదీ చివర్లో, ఐదు నుంచి ఏడు మీటర్ల దూరంలో చాలు. పాయింట్ 32 రివాల్వర్ తూటా కచ్చితత్వంలో తీసిపోయేదేమీ కాదని ఇక్కడే చెప్పాలి: ముందుభాగం చదునుగా ఉండే గుండుతో ఇదే తూటాను సెంటర్ ఫైర్ (ప్రైమర్ అడుగు మధ్యలో ఉండే తూటాల) పిస్టల్ పోటీల్లో ప్రపంచమంతటా వాడతారు.

బోరు మీ చేతికి సరిపోయిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. ఏడు మీటర్ల దూరంలో చిన్న పళ్లెమంత కాగితం పెట్టి ఇరవై రౌండ్లు నిదానంగా కాల్చండి. మొదటి ఐదు గుండ్లు, చివరి ఐదు గుండ్లు ఒకే తీరున పడాలి. చివరివి కిందికి, పక్కకు చెదిరితే మీ చేయి దెబ్బకు భయపడుతోందని అర్థం. నిర్ధారించుకోవడానికి, సిలిండర్‌లో కొన్ని గదుల్లో నిజమైన తూటాలు, కొన్నింటిలో డమ్మీ తూటాలు కలిపి పెట్టమని తోటివారిని అడగండి, మీరు చూడకండి. డమ్మీ మీద సుత్తి పడినప్పుడు గొట్టం ముక్కు కిందికి వాలిందంటే, పేలకముందే మీరు ఉలిక్కిపడుతున్నారు. అలా వాలుతున్నంత కాలం పాయింట్ 22కు తిరిగి వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు. నేను కూడా ఏటా వేసవి విరామం తర్వాత రెండు వారాలు దానితోనే మొదలుపెడతాను. ఇంట్లో తూటా లేకుండా ట్రిగ్గర్ సాధన చేసేవారు పాయింట్ 22లో తప్పనిసరిగా డమ్మీ తూటా పెట్టాలి, లేకపోతే సుత్తి మొన నేరుగా ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకు తగిలి రెండూ పాడవుతాయి. నిజమైన తూటాలు ఆ సమయంలో వేరే గదిలో ఉండాలి.

కాల్చేటప్పుడు ఏ తూటా అయినా మామూలు కంటే మెత్తగా, టప్‌మని పేలితే తక్షణం ఆపేయండి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనుక ఇంకొకటి కాలిస్తే గొట్టం చీలుతుంది. తక్కువ పీడనంతో పనిచేసే పాయింట్ 32 రివాల్వర్ తూటాలు, అందులోనూ ఏళ్ల తరబడి నిల్వ ఉన్నవి, ఇలా చేయడం నేను రెండుసార్లు చూశాను.

వెంట తీసుకెళ్లే విషయంలో మన ఊరి వాతావరణాన్ని మరచిపోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో పలుచని నూలు చొక్కా కింద ముప్పావు కిలో ఇనుము నడుముకు వేలాడదీయడం సుఖంగా ఉండదు, చెమట తగిలిన నల్ల పూత ఉక్కు వారంలోనే తుప్పు చుక్కలు పడుతుంది. రోజూ సాయంత్రం పొడిగుడ్డతో తుడిచి పలుచగా నూనె రాయాలి. నూనె తూటాల దగ్గరికి పోకూడదు, ప్రైమర్ చెడిపోతుంది. బహిరంగ స్థలంలో చేతి తుపాకీని హోల్‌స్టర్‌లో కప్పి ఉంచాలన్నది నియమం. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడే నేరం. ఎన్నికలప్పుడు ఠాణాలో జమ చేయమంటే చేయాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు ఇంకొకటి ఆలోచించాలి: కాంక్రీటు గోడ ఈ గుండ్లను ఆపుతుంది, ప్లైవుడ్ తలుపు, కిటికీ అద్దం ఆపవు. వాటి అవతల పక్కింటి పిల్లలు ఉంటారు.

ఆ 2019 సవరణ ప్రకారమే ఒక మనిషికి రెండే ఆయుధాలు. కాబట్టి స్థోమత ఉన్నవారు పాయింట్ 32 రివాల్వర్ ఒకటి, సాధనకు పాయింట్ 22 ఒకటి ఉంచుకోవచ్చు. ఒక్కటే కొనగలవారు పాయింట్ 32 కొని, పాయింట్ 22 సాధనను రైఫిల్ సంఘం ఆయుధంతో చేసుకోవాలి. దుకాణానికి వెళ్లేటప్పుడు లైసెన్స్ పుస్తకంలో రాసిన బోరు, తూటాల సంఖ్య ముందే చదువుకుని వెళ్లండి. పెట్టె కొన్నాక దుకాణంలోనే లెక్కపెట్టి పుస్తకంలో నమోదైందో లేదో చూడండి. ఇంటికి రాగానే ఆ పెట్టె మీద కొన్న తేదీ రాయండి. తర్వాతి ఆదివారం అందులోంచి ఆరు రౌండ్లు రేంజిలో కాల్చి చూడండి. ఆరూ సరిగ్గా పేలితే మిగతావి చల్లగా, పొడిగా ఉండే అరలో, తుపాకీకి వేరుగా తాళం వేసి పెట్టండి. ఖాళీ కేసులు పారేయవద్దు, వాడకం లెక్క అడిగినప్పుడు చూపించడానికి ఉపయోగపడతాయి.