అవ్వాతాతలు, పిల్లలతో మనాలి: ఎత్తును బట్టి ప్లాన్ వేసుకునే విధానం

మే నెలలో కర్నూలులో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, పిల్లలకు బడి సెలవులు. మన వైపు నుంచి మనాలికి ఎక్కువమంది బయల్దేరేది అప్పుడే. ప్లాన్ అనగానే అందరూ చూడాల్సిన చోట్లు రాసుకుంటారు. వాటికంటే ముందు రాసుకోవాల్సింది ఎత్తులు. కర్నూలు సముద్ర మట్టానికి సుమారు 280 మీటర్ల పైన ఉంది, కడప అందులో సగం. మనాలి 2,050 మీటర్లు, సోలాంగ్ లోయ 2,500 దాకా, అటల్ టన్నెల్ అవతల ఉన్న సిస్సు 3,100, రోహ్‌తాంగ్ కనుమ 3,978. 2,500 దాటాక కొందరికి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. సిస్సు దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో కంటే దాదాపు 30 శాతం తక్కువ. అందుకని ఇంట్లో అందరికంటే నీరసంగా ఉండే మనిషిని బట్టి రోజులు లెక్కేయండి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే టికెట్లు కొనాలి.

టికెట్లు, దారి

అనంతపురం, గుంతకల్లు నుంచి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ నేరుగా న్యూఢిల్లీ చేరుతుంది. కడప, కర్నూలు మీదుగా ఏపీ సంపర్క్ క్రాంతి హజ్రత్ నిజాముద్దీన్‌కు పోతుంది గానీ వారంలో కొన్ని రోజులే. రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు, మే మొదటి వారానికి మార్చి మొదటి వారంలోనే కూర్చోవాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: ఆరుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తారు. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు ఉన్న లోయర్ బెర్త్ కోటా ఒక టికెట్‌పై ఒక్కరు లేదా ఇద్దరే ఉంటే వర్తిస్తుంది. అవ్వాతాతల టికెట్ వేరుగా తీయండి, లేకపోతే మోకాళ్ల నొప్పులతో పై బెర్త్ ఎక్కాల్సి వస్తుంది.

విమానమైతే కర్నూలు వాళ్లకు శంషాబాద్, అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర. చండీగఢ్‌కు టికెట్ తీసుకుంటే ఢిల్లీ రోడ్డు ప్రయాణం తప్పుతుంది. కులు దగ్గర భుంతర్‌లో విమానాశ్రయం ఉంది గానీ అక్కడికి చిన్న విమానాలే వస్తాయి, వాతావరణం బాగోకపోతే రద్దవుతాయి. దాన్ని నమ్ముకుని తిరుగు ప్రయాణం పెట్టుకోకండి.

ఢిల్లీ నుంచి మనాలికి 530 కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి వోల్వో బస్సులో 12 నుంచి 14 గంటలు పడుతుంది. కుర్రవాళ్లకు పర్వాలేదు, పెద్దవాళ్లకు మేము వద్దనే చెబుతాం. ఢిల్లీ నుంచి చండీగఢ్‌కు శతాబ్ది రైల్లో పోయి ఆ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే ఇన్నోవా లాంటి బండి మాట్లాడుకోండి. అక్కడి నుంచి 300 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు. వీలైతే దారిలో వచ్చే మండి పట్టణంలో ఒక రాత్రి ఆగండి. మండి ఎత్తు 800 మీటర్ల చుట్టుపక్కలే, ప్రయాణం రెండు ముక్కలై ఒళ్లు అలసిపోదు.

మండి దాటాక మలుపులు మొదలు. పిల్లల వాంతులకు కారణం మలుపులొక్కటే కాదు, దాబాలో తిన్న నెయ్యి పరాఠాలు, చేతిలో ఫోను కూడా. పొద్దున ఇడ్లీ దొరక్కపోతే బ్రెడ్డు, అరటిపండు చాలు. వాంతుల మాత్ర వేసేదుంటే బండి కదలడానికి అరగంట, గంట ముందే వేయాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేస్తే అది బయటికే వస్తుంది. పిల్లలకు డోసు డాక్టరునే అడగండి.

గది

ఫొటోలు చూసి బుక్ చేయకండి, ఫోను చేసి నాలుగు అడగండి. రోడ్డు నుంచి గదికి ఎన్ని మెట్లు? లిఫ్టు ఉందా? వేడినీళ్లు రోజంతా వస్తాయా? హీటరుకు వేరే డబ్బులా? ఓల్డ్ మనాలి, వశిష్ఠ్ వైపు చాలా హోటళ్లకు నిటారు మెట్లుంటాయి, బండి కిందే ఆగిపోతుంది.

మనాలిలో రోజులు

చేరిన రోజు ఏమీ పెట్టుకోవద్దు. రెండో రోజు హిడింబ గుడి చాలు. దేవదారు చెట్ల మధ్య 1553లో కట్టిన కొయ్య గుడి అది. మన భీముడి భార్య హిడింబే అక్కడి దేవత, దగ్గర్లోనే ఘటోత్కచుడికీ పూజలు జరుగుతాయి. పిల్లలకు ఆ కథ ముందే చెప్పి తీసుకుపోండి. మూడో రోజు సోలాంగ్, నాలుగో రోజు సిస్సు. ఈ వరస తిప్పకండి.

సిస్సుకు అటల్ టన్నెల్ గుండా పోతారు. 2020 అక్టోబరు 3న తెరిచిన ఈ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు, పర్మిట్ అవసరం లేదు. లోపల బండి ఆపి ఫొటోలు దిగితే జరిమానా. రోహ్‌తాంగ్‌కు మాత్రం బండికి ఆన్‌లైన్ పర్మిట్ కావాలి, రోజుకు బండ్ల లెక్క ఉంటుంది, మంగళవారం మరమ్మతులకని మూసేస్తారు. పెద్దవాళ్లుంటే రోహ్‌తాంగ్ వదిలేయండి. సిస్సులోనూ మంచు కొండలు కళ్లెదుటే ఉంటాయి, పైగా ఎత్తు దాదాపు 900 మీటర్లు తక్కువ. మే, జూన్‌లలో ఉదయం 7 లోపే బయల్దేరాలి, తర్వాతైతే సోలాంగ్ దగ్గర ట్రాఫిక్‌లోనే పూట గడిచిపోతుంది.

పైన తలనొప్పితో పాటు వాంతులో, తూలడమో ఉంటే కాసేపట్లో తగ్గుతుందని కూర్చోకండి. ఆ పూటే మనాలికి దిగిపోవాలి. దిగడమే అసలు మందు.

బట్టలు, తిండి

ఒక లావు స్వెట్టరు కంటే మూడు పొరలు మేలు: లోపల థర్మల్, దానిపై ఉన్ని, పైన గాలి చొరని జాకెట్టు. కాటన్ బనీను చెమటకు తడిసి ఆరదు, చలి దాంతోనే పడుతుంది. మంచులో వేసుకునే సూటు, గమ్‌బూట్లు దారిలో అద్దెకిస్తారు. కొనే పని లేదు. తీసుకునేటప్పుడు జిప్పు లాగి చూడండి, సాక్సులు మాత్రం మీవే వాడండి. మంచుపై ఎండ కళ్లను మండిస్తుంది, పిల్లలకూ నల్ల కళ్లద్దాలు ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని గడ్డకట్టనీయకూడదు, లోపలి జేబులో పెట్టుకోండి.

మనాలిలో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. వంటగది ఉన్న గది తీసుకుని గిన్నెలో కందిపప్పు పెడితే చాలాసేపు బద్ద బద్దగానే ఉంటుంది. మూడు లీటర్ల కుక్కరు తీసుకుపోండి, మామూలు కంటే రెండు విజిళ్లు ఎక్కువ రానివ్వండి. అంతకంటే సులువు ఉగ్గాని. రెండు కిలోల బొరుగులు, పుట్నాల పొడి పెట్టుకుంటే ఉల్లిపాయ, మిరపకాయ అక్కడ కొనుక్కోవచ్చు. ఊరగాయ సీసాలో ఖాళీ ఉంటే పైకి పోయే కొద్దీ లోపలి గాలి ఉబ్బి నూనె మూత చుట్టూ కారుతుంది, బట్టలన్నీ పాడవుతాయి. అంచు దాకా నింపి, మూతకు టేపు చుట్టి, కవర్లో కట్టండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగి మండి, కులు దారి మూసుకుపోతుంటుంది, ఆ నెలల్లో వద్దు. సంక్రాంతి సెలవుల్లో మంచు బాగుంటుంది గానీ, గట్టిగా కురిస్తే టన్నెల్ వైపు మామూలు బండ్లను పోనివ్వరు. ఏ నెలలో పోయినా మనాలి దిగే రోజుకు, ఢిల్లీ రైలుకు మధ్య ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. దారి మూసినా రైలు తప్పిపోదు. దారి బాగుంటే ఆ రోజు చండీగఢ్‌లో రాక్ గార్డెన్ చూడొచ్చు.