ఇంటివారితో కలిసి ప్రయాణం: ఎవరి లక్ష్యమూ వెనకబడకుండా ఏడాదిని అమర్చుకునే పద్ధతి

చాలా ఇళ్లలో ప్రయాణం గురించి ఒకరు ఆలోచిస్తారు, ఇంటి పనుల భారం ఇంకొకరు మోస్తారు, సొంత లక్ష్యాలను మాత్రం ఎవరి మనసులో వారే దాచుకుంటారు. ఈ మూడూ వేర్వేరు విషయాలుగా కనిపించినా వీటన్నిటికీ కావలసిన తీరిక, డబ్బు, ఓపిక ఒకే చోటి నుంచి వస్తాయి. సెలవులన్నీ ప్రయాణానికే ఖర్చయిపోయాక పరీక్షకు చదువుకోవడానికి రోజులు మిగలలేదని ఒకరు బాధపడటం, లేదా ఒకరి సాధన కోసం మిగతావారంతా ఏటికేడు ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడం జరిగేది ఇందువల్లనే. కాబట్టి నేను చెప్పదలచుకున్న పద్ధతికి మూలం ఒక్కటే: ప్రయాణాన్ని, దినచర్యను, ప్రతి ఒక్కరి లక్ష్యాన్ని ఒకే క్యాలెండర్ మీద, అందరూ చూస్తుండగా రాయడం.

ఎక్కడికి వెళ్లాలన్న చర్చతో మొదలుపెట్టకండి. ముందుగా పన్నెండు నెలలూ ఒకేసారి కనిపించే పెద్ద కాగితం తీసుకొని, మనం జరపలేని తేదీలన్నీ అందులో నింపండి. పిల్లల పరీక్షలు, పెద్దవారి వైద్య పరీక్షలు, ఉద్యోగంలో పని ఒత్తిడి ఎక్కువగా ఉండే వారాలు, పెద్ద మొత్తాలు కట్టవలసిన గడువులు, ముందే మాట ఇచ్చిన శుభకార్యాలు, ఇవన్నీ ఎక్కాక మిగిలిన ఖాళీలే నిజంగా మన చేతిలో ఉన్న కాలం. అది అనుకున్నదానికంటే తక్కువని ఆ కాగితం చూడగానే ఇంట్లో అందరికీ ఒకేసారి అర్థమవుతుంది, ఆ తరువాతి మాటలన్నీ సులువుగా సాగుతాయి.

ఆ ఖాళీల పక్కన ఒక్కొక్కరి లక్ష్యాన్ని ఒక్కొక్క వాక్యంలో రాయించండి. ‘ఆరోగ్యం మీద దృష్టి పెట్టాలి’ అని రాస్తే అది కోరికగానే మిగిలిపోతుంది; ‘మార్చి ఆఖరుకల్లా ఆగకుండా అరగంట పరుగెత్తగలగాలి, అందుకోసం సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం లేవగానే బూట్లు వేసుకొని బయటికి వెళతాను’ అని రాస్తే అది పని అవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన ప్రసిద్ధ వ్యాసం సారాంశం కూడా ఇదే: ఫలానా సమయం వచ్చినప్పుడు, ఫలానా చోట, ఫలానా పని చేస్తానని ముందే నిర్ణయించుకున్నవారు, లక్ష్యాన్ని మాత్రమే అనుకొని ఊరుకున్నవారికంటే ఎక్కువగా దాన్ని నెరవేర్చుకుంటారు. ఇంటి విషయంలో దీనికి ఇంకొక్క మాట చేర్చుకోవాలి. ఆ అరగంటసేపు పసిబిడ్డను ఎవరు చూసుకుంటారు, పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు అన్నది కూడా అదే వాక్యం కింద రాయాలి. ఎవరి సాయం కావాలో రాయని లక్ష్యం మొదటి వారంలోనే ఇంట్లో మాటపట్టింపుగా మారుతుంది.

ఇక ప్రయాణం. ఎక్కడికి వెళ్దామని అందరినీ కూర్చోబెట్టి అడిగితే గొంతు పెద్దదిగా ఉన్నవారి మాటే నెగ్గుతుంది. అలా కాకుండా ఒక్కొక్కరినీ విడిగా రెండే రెండు ప్రశ్నలు అడగండి: ఈ ప్రయాణంలో తప్పకుండా ఉండాలని నువ్వు కోరుకునే ఒక్క సంగతి ఏమిటి, ఎట్టి పరిస్థితిలోనూ వద్దనుకునేది ఏమిటి? పిల్లల దగ్గర జవాబు వెంటనే వస్తుంది. పెద్దవారి దగ్గర రాదు. ‘నాదేముంది, మీరు ఎలా అంటే అలాగే’ అనేస్తారు, లేదా ‘నేనెందుకు, మీకు అడ్డం, మీరు వెళ్లి రండి’ అంటారు. ఆ మాటను అక్షరాలా తీసుకొని వదిలేయకూడదు. వస్తావా అని అడగడం మానేసి, ‘అమ్మమ్మా, ఆగకుండా ఎంతసేపు నడవగలుగుతున్నావు? మెట్లు ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు?’ అని అడగండి. మోకాళ్ల నొప్పి ఉన్న చాలామందికి ఎక్కడంకంటే దిగడమే బాధగా ఉంటుంది. అది తెలిస్తే గది కింది అంతస్తులో తీసుకోవడమో, లిఫ్టు ఉన్న బస చూడటమో చేస్తాం. ఆమె చెప్పిన ఈ జవాబులతో, మనం చెప్పకుండానే, ఆమె ప్రయాణంలో భాగమైపోతుంది.

ఈ సందర్భంలో మరొక విషయం మెల్లగా కనుక్కోవాలి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రక్తపోటు మాత్ర వేసుకునే పెద్దవారిలో కొందరు, దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనన్న భయంతో, ప్రయాణం రోజున ఎవరికీ చెప్పకుండా ఆ మాత్ర మానేస్తారు. నీళ్లు తాగడం కూడా తగ్గించేస్తారు. రెండూ ప్రమాదమే. మాత్ర వేళను ఆ ఒక్కరోజు మార్చుకోవచ్చునేమో వైద్యుణ్ని ముందే అడగడం, గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి బండి ఆగుతుందని వారికి గట్టిగా చెప్పడం, ఆ మాట నిలబెట్టుకోవడం, ఈ మూడూ చేస్తే వారు దారిపొడవునా బిగుసుకుపోయి కూర్చోవలసిన అవసరం ఉండదు.

తేదీలు ఖాయమయ్యాక రోజుల లెక్క చూసుకోవాలి. పనికి పట్టే కాలాన్ని మనుషులు తక్కువగా అంచనా వేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే గుర్తించారు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, తమ సిద్ధాంత వ్యాసం సగటున 34 రోజుల్లో ముగుస్తుందని అంచనా వేసిన విద్యార్థులకు నిజానికి 55 రోజులకు పైగా పట్టింది. ఒంటరిగా కూర్చొని రాసుకునే పనికే ఇంత తేడా వస్తే, ముగ్గురు నలుగురు కలిసి స్నానాలు ముగించి, సామాను సర్దుకొని, బయలుదేరే ఉదయం సంగతి చెప్పనక్కరలేదు. అందువల్ల రోజుకు ఒక ముఖ్యమైన కార్యక్రమాన్ని మాత్రమే పెట్టుకోండి. రెండోది ఉంటే దాన్ని వీలైతే చూద్దాం అన్న వరుసలో రాయండి. చేరిన రోజున ఏదీ పెట్టుకోవద్దు. ఇంత దూరం వచ్చి అది చూడకపోతే ఎలా అన్న మాటకు లొంగి రోజుకు నాలుగు చోట్లు తిరిగే ప్రయాణంలో మనుషులకు ఒకరి ముఖం ఒకరు చూసుకునే తీరిక ఉండదని నా గట్టి నమ్మకం.

దూరాన్నిబట్టి, ఎత్తునుబట్టి శరీరానికి కూడా రోజులు కేటాయించాలి. కాలమండలాలు (టైమ్ జోన్లు) దాటినప్పుడు శరీరం సర్దుకోవడానికి సుమారుగా ఒక్కో మండలానికి ఒక్కో రోజు పడుతుంది. తూర్పు వైపు వెళ్లినప్పుడు ఈ ఇబ్బంది సాధారణంగా ఎక్కువ. కొండ ప్రాంతాల్లో 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగాలని వైద్యుల సూచన. తలనొప్పి, వికారం మొదలైతే పైకి వెళ్లడం ఆపేయాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. ఈ విషయంలో ఇంటివారి ఉత్సాహానికి మొహమాటపడే అవకాశమే ఉండకూడదు.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చొనే ప్రయాణం వల్ల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. ఆరోగ్యవంతుల్లో అది ఆరువేల మందిలో ఒకరికి మాత్రమే వచ్చే స్థాయి కనుక భయపడవలసిన పని లేదు. అయితే గర్భనిరోధక మాత్రలు వాడేవారు, స్థూలకాయం ఉన్నవారు, అంతకుముందు ఈ సమస్య వచ్చినవారు ముందుగా వైద్యుణ్ని సంప్రదించాలి. మిగతావారు అప్పుడప్పుడు లేచి నడవడం, కూర్చున్నచోటే మడమలు, వేళ్లు పైకీ కిందికీ ఆడించడం చేస్తే సరిపోతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు పిల్లలకు దారిలో కడుపు తిప్పడం ఎక్కువ. వారి చేతిలో ఫోను పెట్టకుండా, కిటికీలోంచి దూరంగా, ఆకాశం నేలను కలిసే గీత వైపు చూడమనాలి.

మందులన్నీ చేతి సంచిలోనే, వాటి అసలు పెట్టెలతో, వైద్యుడి చీటీతో పాటు ఉండాలి. ఇన్సులిన్‌ను విమానంలో చెక్-ఇన్ చేసి పంపే సామానులో పెట్టకూడదు, అక్కడ గడ్డకట్టి పాడైపోయే ప్రమాదం ఉంది. పవర్ బ్యాంకులు కూడా చేతి సామానులోనే తీసుకెళ్లాలి. వాటికి సాధారణ పరిమితి 100 వాట్-అవర్లు, అంటే సుమారు 27,000 మిల్లీ ఆంపియర్-అవర్లు. కొన్ని విమానయాన సంస్థల నిబంధనలు ఇంకా కఠినంగా ఉంటాయి కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోవాలి. విదేశానికైతే, తిరిగి వచ్చే తేదీ తరువాత కూడా ఆరు నెలల గడువు ఉండేలా పాస్‌పోర్టు చూసుకోవడం మంచిది, చాలా దేశాలు ఏదో ఒక రూపంలో ఆ గడువును అడుగుతాయి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలను తీసుకెళ్తుంటే, రెండోవారి సమ్మతి పత్రం దగ్గర ఉంచుకోవాలి.

డబ్బు విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. ప్రయాణానికి ఒక ఖాతా, లక్ష్యాలకు ఒక ఖాతా విడివిడిగా పెట్టుకొని, నెల మొదట్లోనే రెండింటిలోనూ వేయండి. ఒకరి శిక్షణ రుసుము కోసం దాచినది మరొకరి టికెట్టుకు సర్దుబాటు కాకూడదు. తరువాత తిరిగి ఇచ్చేద్దామని ఎంత అనుకున్నా, తన లక్ష్యానికి ఇంట్లో విలువ లేదన్న భావం అవతలివారిలో మిగిలిపోతుంది.

ప్రయాణంలో సొంత లక్ష్యం ఏమవుతుందన్నది బయలుదేరేముందే మాట్లాడుకోవాలి. ఇందుకు రెండే దారులున్నాయి: పూర్తిగా ఆపడం, లేదా అతి చిన్న రూపంలో కొనసాగించడం. కొత్త భాష నేర్చుకునేవారు రోజుకు పది నిమిషాలు పాత పాఠం వినవచ్చు, పరుగు సాధన చేసేవారు మిగతావారు లేచేలోపు ఇరవై నిమిషాలు నడిచి రావచ్చు. రెండు గంటల చదువు యథాతథంగా సాగాలనుకుంటే మాత్రం చదువూ సాగదు, ప్రయాణమూ మిగలదు. పూర్తిగా ఆపాలనుకున్నవారు తప్పు చేస్తున్నట్టు బాధపడనక్కరలేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అలవాటు స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషినిబట్టి, పనినిబట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు ఏర్పడటానికి పెద్దగా ఆటంకం కలగలేదు. వారం రోజుల విరామం అంతకంటే పెద్దదే కనుక, తిరిగి మొదలుపెట్టే తేదీని ముందే క్యాలెండర్ మీద రాసిపెట్టుకోవాలి.

దీంతోపాటు ప్రతి ఒక్కరికీ రోజులో ఒక గంట ఒంటరిగా ఉండే హక్కు ఇవ్వండి. ఆ గంటలో వారు చదువుకుంటారా, నిద్రపోతారా, ఊరికే కూర్చుంటారా అని ఎవరూ అడగకూడదు. పిల్లల బాధ్యత ఉన్న తల్లికి ఈ గంట దక్కాలంటే మరొకరు పేరుపెట్టి ఒప్పుకోవాలి: ‘సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు పిల్లలు నాతో ఉంటారు’ అని తండ్రో, మామయ్యో, పెద్ద కూతురో చెప్పాలి. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటే చివరికి చూసుకునేది ఆ తల్లే.

కొందరు రాలేకపోవచ్చు. ఉద్యోగం వదలలేనివారు, మంచం మీద ఉన్నవారు, వారికి తోడుగా ఆగిపోయినవారు ఇంట్లో ఉంటే, రోజుకొకసారి ఫోను చేసే వేళను వారికి నచ్చినట్టు ఖాయం చేయండి. ఫోటోలు కుప్పగా పంపడంకంటే ఒక్క ఫోటో పంపి దాని గురించి రెండు నిమిషాలు చెప్పడం వారికి ఎక్కువ సంతోషాన్నిస్తుంది. తోడుగా ఆగినవారికి తరువాత ఎప్పుడు, ఎన్ని రోజులు విశ్రాంతి దొరుకుతుందో కూడా బయలుదేరేలోపే అదే క్యాలెండర్ మీద రాయాలి.

సన్నాహాలను అందరికీ పంచండి. నెదర్లాండ్స్‌లో 1,530 మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయాణం చేయబోయేవారు ముందు రోజుల్లో మిగతావారికంటే సంతోషంగా ఉన్నారనీ, తిరిగి వచ్చాక ఆ తేడా ఎంతో ప్రశాంతంగా గడిపి వచ్చినవారిలో తప్ప పెద్దగా కనిపించలేదనీ తేలింది. ఎదురుచూడటంలోనే అంత ఆనందం ఉన్నప్పుడు దాన్ని టికెట్లు కొనే ఒక్కరికే వదిలేయడం అన్యాయం. పటం మీద దారి గీయడం ఒక పిల్లవాడికి, దారిలో వినే పాటలు ఏరడం తాతయ్యకు, సామాను జాబితా రాయడం ఇంకొకరికి అప్పగించండి. పని సరిగ్గా చేయలేదని మధ్యలో లాక్కోకండి.

తిరుగు ప్రయాణాన్ని సెలవు ఆఖరి రాత్రికి పెట్టుకోకుండా, మర్నాడు ఒక పూర్తి రోజు ఇంట్లో ఉండేలా చూసుకోవాలి. ఆ రోజు బట్టలు ఉతకడం, మందుల పెట్టె మళ్లీ నింపడం, పత్రాలను యథాస్థానంలో పెట్టడం ఒక్కరి మీదే పడకుండా చూడండి. ఆ వారంలోనే అందరూ అరగంట కూర్చొని, అడిగిన రెండు ప్రశ్నలకు ఎవరేమన్నారో తీసి చూసి, ఎవరి కోరిక తీరలేదో వారి పేరును తరువాతి ప్రయాణపు కాగితం మీద మొదటి వరుసలో రాసిపెట్టండి.