పిత్తాశయంలో రాళ్లు: నింద కారం మీద వేసే ముందు ఇవి చూసుకోండి

గుంటూరులో ఎవరికైనా గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని తేలితే తప్పంతా మిరపకాయదే అంటారు. కారం కడుపులో మంట పుట్టిస్తుంది గానీ రాళ్లు చేయదు. టమాటా గింజలూ అంతే. రాయి తయారయ్యేది పైత్యరసంలో. కాలేయం నుంచి వచ్చే ఆ రసాన్ని పిత్తాశయం 30–50 మి.లీ. దాకా దాచి, చిక్కబరిచి, కొవ్వున్న తిండి పేగులోకి రాగానే పిండి వదులుతుంది. రసంలో కొలెస్ట్రాల్ కరగలేనంత పెరిగినా, ఆ తిత్తి (పిత్తాశయం) సరిగా పిండకపోయినా మడ్డి చేరుతుంది, అదే రాయి కడుతుంది.

ముందు మీ ముప్పు లెక్క వేసుకోండి. ఆడవాళ్లకు ఎక్కువ, గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఈస్ట్రోజెన్ చికిత్స దాన్ని ఇంకా పెంచుతాయి. నలభై దాటిన వయసు, ఊబకాయం, షుగరు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువగా ఉండటం, అమ్మకో అక్కకో రాళ్లు ఉండటం కూడా చేర్చండి. సికిల్ సెల్, తలసేమియా లాంటి రక్తజబ్బులు ఉన్నవాళ్లలో ఎర్రకణాలు ఎక్కువగా చితికి, వాటి నుంచి వచ్చే బిలిరుబిన్ అనే పచ్చరంగు పదార్థం పేరుకుని నల్లరాళ్లు వస్తాయి. వీళ్లు సన్నగా ఉన్నా, పిల్లలైనా ముప్పు ఉంటుంది.

చాలామంది అనుమానించనిది వేగంగా బరువు తగ్గడం. వారానికి కిలోన్నర మించి తగ్గితే కాలేయం అదనపు కొలెస్ట్రాల్‌ను పైత్యరసంలోకి వదులుతుంది. ద్రవాహారం మీదే వారాల తరబడి ఉంటే కొవ్వు అందక తిత్తి పిండటం కూడా మానేస్తుంది. రెండూ కలిస్తే నెలల్లోనే రాళ్లు రావచ్చు. కార్తీక సోమవారం ఒక్కరోజు ఉపవాసానికి భయపడక్కర్లేదు. డైట్ చేస్తే వారానికి అర కిలో నుంచి కిలో దాకా తగ్గేలా చూసుకోండి, రోజుకు ఒక పూటైనా భోజనంలో రెండు టీస్పూన్ల నూనో నెయ్యో ఉండనివ్వండి. బరువు తగ్గడానికి బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుంటే, రాళ్లు కట్టకుండా ఇచ్చే అర్సోడియాక్సికోలిక్ ఆసిడ్ అనే మందు అవసరమా అని డాక్టర్ని అడగండి. పొద్దున టీతో సరిపెట్టి మధ్యాహ్నం మూడింటికి భోంచేసే అలవాటు కూడా మార్చుకోవడం మంచిది.

ఆదివారం బిర్యానీ తిన్న గంటకో రెండు గంటలకో కుడి డొక్క పైన నొప్పి పట్టి, కుడి భుజం వెనక్కి పాకి, అరగంట దాటినా వదలకపోతే గ్యాస్ అని సోడా తాగి ఊరుకోకండి. అల్ట్రాసౌండ్ చేయించండి. ముందు 6–8 గంటలు ఏమీ తినొద్దు, పాలు కలిసిన కాఫీ కూడా వద్దు. తింటే తిత్తి ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనబడవు. రిపోర్టులో రాళ్ల సైజు ఒక్కటే చూడకండి. గోడ మందం 3 మి.మీ. దాటితే వాపు ఉండొచ్చు, పైత్యనాళం వెడల్పైతే రాయి అందులోకి జారి ఉండొచ్చు.

ఉలవకట్టు, కొండపిండాకు, అరటిదూట రసం వాడేది కిడ్నీ రాళ్లకు. మూత్రం దారి వేరు, పైత్యరసం దారి వేరు. ఇక్కడ అవి పనిచేయవు. నొప్పి లేకుండా స్కాన్‌లో మాత్రమే కనబడిన రాళ్లకు చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో) తిత్తితో సహా తీయించుకోవాలి. రాళ్లు మాత్రమే తీస్తే మళ్లీ కడతాయి. చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, వీపులోకి పొడుచుకుపోయే నొప్పీ వాంతులూ, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.