భీమిలి దారిలో పశువుల సాల బస: కుటుంబంతో వెళ్ళేవారు చూసుకోవలసినవి

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీద ఋషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన కొబ్బరి, జీడి, సరుగుడు తోటలు కనిపిస్తాయి. ఆ తోటల్లో పశువులు తగ్గిపోయి ఖాళీ పడిన సాలలను కొందరు బాగుచేసి, మంచాలు వేసి, సెలవులకు వచ్చే కుటుంబాలకు అద్దెకు ఇస్తున్నారు. హోటల్ గదిలో దొరకని ఆరుబయలు, పిల్లలు పరుగెత్తడానికి కళ్ళం, పెద్దలు నడుం వాల్చడానికి నులక మంచం అక్కడ దొరుకుతాయి. అయితే ఆ కట్టడం మనుషుల కోసం పుట్టింది కాదన్న సంగతి మరచిపోయి ఫొటోలు చూసి డబ్బు కట్టేవారు మొదటి రాత్రే ఇబ్బంది పడతారు.

బుక్ చేసే ముందు యజమానిని అడగవలసిన మొదటి ప్రశ్న సముద్రం ఎంత దూరమన్నది కాదు, నేలను ఏం చేశారన్నది. పశువుల మూత్రం నిలవకుండా సాల నేలను ఒక వైపుకు వాటంగా వేస్తారు. ఆ వాటం సరిచేయకుండా దానిమీదే టైల్స్ పరిస్తే మంచం ఒక కోడు గాలిలో ఉంటుంది, ఒలికిన నీళ్ళన్నీ ఒకే మూలకు చేరతాయి. అంతకంటే పెద్ద చిక్కు వాసన. ఏళ్ళ తరబడి మూత్రం ఇంకిన మట్టిని తవ్వి తీసి కొత్త మట్టి నింపారో లేదో తప్పక తెలుసుకోవాలి. మేము ఒకసారి దిగిన చోట పగలంతా అగరొత్తుల పరిమళమే తప్ప మరేమీ తెలియలేదు. రాత్రి ఒక జల్లు పడి నేల చెమ్మగిల్లేసరికి గోడ మొదళ్ళ నుంచి అమ్మోనియా ఘాటు లేచి, మా అమ్మ తెల్లవార్లూ అరుగు మీదే కూర్చుంది. ఆ అగరొత్తులు ఎందుకు వెలిగించారో మాకు అప్పుడు గాని అర్థం కాలేదు.

తరువాత చూడవలసింది పైకప్పు. తాటాకు కప్పు అయితే కమ్మ ఎప్పుడు నేయించారో అడగాలి, వీలైతే ఒకసారి వెళ్ళి మిట్టమధ్యాహ్నం లోపల నిలబడి పైకి చూడాలి. సూదిమొనల్లా వెలుగు కనిపించిన ప్రతిచోటా వానకు నీరు కారుతుంది. కమ్మకూ మంచానికీ మధ్య చాపగానీ గుడ్డగానీ కట్టి ఉంటే పురుగూ పుట్రా మీద పడకుండా ఉంటాయి. రేకుల కప్పయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం లోపల ఉండలేరు, వాన పడితే పక్కన ఉన్నవారి మాట కూడా వినపడదు. పాత సాలల గుమ్మాలు, దూలాలు కిందికి ఉంటాయి కనుక పొడవైన మనిషి ఇంట్లో ఉంటే ఆ ఎత్తు కూడా కనుక్కోవడం మంచిది. మా బావగారికి రెండు రోజుల్లో మూడు బొప్పులు కట్టాయి.

గాలి కోసం గోడను కప్పు దాకా లేపకుండా జానెడో మూరెడో సందు వదలడం సాలలకు మామూలే. ఆ సందు మూసేస్తే ఉక్క, వదిలేస్తే దోమలు. దానికి సన్నని వల బిగించి ఉందో లేదో చూసుకొని, ఏదేమైనా ఇంటి నుంచి దోమతెరలు తీసుకువెళ్ళాలి. తాటాకు కింద దోమల చుట్టలు, కర్పూరం, దీపాలు వెలిగించడం ఎంతమాత్రం తగదు. వంట కూడా బయటి పొయ్యి మీదే చేసుకోవాలి. పగలు సముద్రం మీదుగా వచ్చే గాలి రాత్రికి పడిపోయి, ఆ తరువాత నేల వైపు నుంచి కడలి మీదికి వీస్తుంది. మేము తూర్పు కిటికీ తెరుచుకొని చెమటలు కక్కుతుంటే తోట కాపలా ముసలమ్మ వచ్చి, "అర్ధరేత్రి దాటితే గాలి తిరిగిపోద్ది బాబూ, పడమటి తలుపు తీసుకొని పడుకోండి" అని చెప్పింది. ఆమె చెప్పినట్టే జరిగింది.

స్నానాల గది, మరుగుదొడ్డి సాలకు ఆనుకొని ఉండడం అరుదు. నడవవలసిన దూరం, దారిలో దీపం, పెద్దవారికి కమోడ్ ఉన్నాయో లేవో ముందే అడిగి తెలుసుకోవాలి. తీరానికి దగ్గరగా ఉన్న బోర్లలో, బావుల్లో నీరు ఉప్పగా ఉండవచ్చు. ఆ నీటికి సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. అందుచేత తాగడానికే కాక వంటకు కూడా సరిపడా 20 లీటర్ల డబ్బాలు నగరం నుంచే తీసుకుపోవాలి.

సాల పక్కనే గడ్డిమేటు చూడముచ్చటగా ఉంటుంది గానీ, గడ్డిలో ఎలుకలు, ఎలుకల కోసం పాములు చేరతాయి. పిల్లలను మేటు ఎక్కనివ్వకూడదు. మంచాలను గోడకు దూరంగా జరుపుకోవాలి. రాత్రి టార్చి లేకుండా కాలు బయట పెట్టకూడదు. తెల్లవారి చెప్పులు దులిపి వేసుకోవాలి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వంటివి చేయక, ఆ కాలినో చేతినో కదలనివ్వకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. కానీ భీమిలి దగ్గరి నుంచి అక్కడికి చేరడానికి సమయం పడుతుంది కనుక, విరుగుడు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏదో దిగిన రోజే కనుక్కోవాలి.

కాలం విషయానికి వస్తే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇటువంటి బసకు తగిన రోజులు. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ ఈ తీరంలో చెట్లను ఎలా కూల్చిందో చూసినవారు ఆ నెలల్లో తాటాకు కప్పు కింద పిల్లలను పడుకోబెట్టరు. బడి సెలవులు కావడంతో చాలామంది వేసవిలో వస్తారు. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక, తాజా చేపల మీద ఆశపెట్టుకొని వచ్చేవారు నిరాశ పడతారు. మిగిలిన రోజుల్లో తెల్లవారేసరికి పడవలు ఒడ్డుకు వచ్చే చోటికి వెళితే కానాగంతలు, కవ్వళ్ళు, అదృష్టం బాగుంటే వంజరం దొరుకుతాయి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కిన చోట గుంట నిలవకూడదు. కోసి శుభ్రం చేసే పని ఒడ్డునే చేయించుకోవడం ఉత్తమం, ఎందుకంటే తోటలో పొలుసులు రాలితే ఆ రోజంతా కాకులు, పిల్లులు వదలవు.

సముద్ర స్నానానికి కాపలా ఉన్న ఋషికొండ వంటి చోటు మేలు. తోట ఎదురుగా ఉన్న నిర్మానుష్యమైన ఒడ్డు కేవలం పాదాలు తడుపుకోవడానికే. రెండు పక్కలా అలలు విరుగుతూ నడుమ నీరు నున్నగా కనిపించే చోటే లోనికి లాగే ప్రవాహం ఉంటుంది, కొత్తవారు సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలి. మంగమారిపేట సహజ శిలాతోరణం దగ్గరికి వెళ్ళదలచినవారు నీరు వెనక్కు తగ్గిన ఆటు సమయం చూసుకోవాలి; ఆ వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్య పౌర్ణములకు నీరు మరింత దిగుతుంది. తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలోని డచ్చివారి సమాధులు ఒక్క పూటలో చూసి రావచ్చు. దిబ్బల అంచులు ఇట్టే విరుగుతాయి కనుక పిల్లలను వాటి మీదికి ఎక్కించకూడదు.

బయలుదేరే రోజు దుప్పట్లు, సంచులు ఎండలో విదిలించి సర్దుకోవాలి. సాలలో పశువులు లేకపోయినా తోటలో తిరిగే మేకలు, కుక్కల మీది పిడుదులు గుడ్డలను పట్టుకొని వస్తాయి. ఇంటికి చేరాక పిల్లల చెవుల వెనుక, మోకాళ్ళ మడతల్లో ఒకసారి తడిమి చూడాలి.